కాస్టిక్ సోడా లేకుండా ఇంట్లో సబ్బు చేయొచ్చా? మొదటి నుంచీ సొంతంగా చేసుకునే పద్ధతి

మీరు అడిగింది ఇది: నాలుగేళ్ళ పాపకు చర్మం పొడిబారుతోంది. షాపు సబ్బులు మానేసి, నూనెల నుంచి మొదలుపెట్టి సొంతంగా సబ్బు చేసుకోవాలనుంది. యూట్యూబ్‌లో కొందరు మామూలు సబ్బు తురిమి కరిగించి వేపాకు ముద్ద కలుపుతున్నారు, కొందరు కాస్టిక్ సోడా వాడుతున్నారు. ఆ సోడా అంటేనే టెన్షన్‌గా ఉంది. అది లేకుండా కుంకుడుకాయ రసంతోనో, వంట సోడాతోనో చేయలేమా?

సూటిగా చెప్తాను. కాస్టిక్ సోడా లేకుండా గట్టి సబ్బు తయారు కాదు. కానీ సరిగ్గా తూచి చేసి, ఆరబెట్టిన సబ్బులో కాస్టిక్ సోడా మిగలదు. రెండూ నిజమే. నూనె, సోడా కలిసినప్పుడు ఏం జరుగుతుందో అర్థమైతే మీ భయం చాలావరకు పోతుంది. సోడా పట్ల జాగ్రత్త మాత్రం ఎప్పటికీ ఉండాల్సిందే.

నేను కోస్తాలో ఉంటాను. ఇంట్లో వాడకానికి సబ్బులు చేసుకుంటూ, చుట్టుపక్కల డ్వాక్రా సంఘాల ఆడవాళ్ళకు నేర్పిస్తుంటాను. కింద చెప్పేదంతా ఆ అనుభవంతోనే.

నూనె అంటే గ్లిజరిన్‌కు అంటుకుని ఉన్న కొవ్వు ఆమ్లాలు. కాస్టిక్ సోడా (సోడియం హైడ్రాక్సైడ్) ఆ బంధాన్ని విడగొట్టి, కొవ్వు ఆమ్లాలతో తను కలిసిపోతుంది. అలా కలిసిపోయిందే సబ్బు. విడిపడ్డ గ్లిజరిన్ అందులోనే ఉండిపోతుంది. అంటే సోడా ఈ పనిలో ఖర్చయిపోతుంది. మనం లెక్కకంటే కొంచెం తక్కువ సోడా వేస్తాం కాబట్టి చివర్లో కాస్త నూనె మిగులుతుంది, సోడా మిగలదు. పెద్ద ఫ్యాక్టరీలు చాలావరకు గ్లిజరిన్‌ను విడిగా తీసి అమ్ముకుంటాయి. ఇంటి సబ్బుతో ఒళ్ళు రుద్దుకున్నాక చర్మం అంతగా బిగుసుకుపోకపోవడానికి ఆ గ్లిజరిన్, ఆ మిగిలిన నూనె కారణం.

ఇక మీరు అడిగిన ప్రత్యామ్నాయాలు. వంట సోడాకు గానీ బట్టల సోడాకు గానీ నూనెను సబ్బుగా మార్చేంత బలం లేదు, ఎంతసేపు కాచినా లాభం ఉండదు. కుంకుడుకాయలో సాపోనిన్లు అనే నురగనిచ్చే పదార్థాలుంటాయి. అవి మురికి వదిలిస్తాయి, తలకు చాలా మంచివి, కానీ వాటితో సబ్బు బిళ్ళ కాదు. బూడిద నీళ్ళతో పూర్వం సబ్బు చేసిన మాట నిజమే. బూడిదలో ఉండేది ఎక్కువగా పొటాషియం కాబట్టి ముద్దగా, మెత్తగా వస్తుంది. పైగా ఆ నీళ్ళ ఘాటు ఎంతో ఇంట్లో కొలిచే దారి లేదు. పాప ఒంటికి వాడేదాన్ని అలా అంచనా మీద చేయడం నాకు ఇష్టం లేదు.

సబ్బు తురిమి కరిగించి పోయడం తప్పు కాదు, కానీ అది ఎవరో చేసిన సబ్బు. గ్లిజరిన్ సోప్ బేస్ అని అమ్మేదీ అంతే: సోడా పని అక్కడ ముందే అయిపోయింది, మీరు రంగూ వాసనా మాత్రం కలుపుతారు. పిల్లలతో సరదాగా చేయడానికి బాగుంటుంది. నూనెల నుంచి చేయాలన్న మీ కోరిక మాత్రం దానితో తీరదు.

పాప సంగతి ముందు మాట్లాడుకుందాం. ఏ సబ్బైనా క్షారమే. ఇంట్లో చేసినా, కొన్నా, అసలు సబ్బుకు పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే అంకె, 7 దాటితే క్షారం) 9 నుంచి 10 దాకా ఉంటుంది. చర్మం సహజంగా కొంచెం ఆమ్ల గుణంతో ఉంటుంది. "పీహెచ్ 5.5" అని రాసి అమ్మే బిళ్ళలు సబ్బులు కావు, వేరే రకం క్లీనింగ్ పదార్థాలతో చేసినవి. కాబట్టి పాపకు దురద, ఎర్రటి మచ్చలు, మోచేతి మడతల్లో పగుళ్ళు ఉంటే ముందు చర్మ డాక్టరుకు చూపించండి. ఇంటి సబ్బు మందు కాదు. ఉత్తి పొడిబారడమే అయితే స్నానానికి ముందు కాస్త నువ్వుల నూనె గానీ కొబ్బరి నూనె గానీ రాయండి, గోరువెచ్చని నీళ్ళు పోయండి, సబ్బు చంకలకు, గజ్జలకు, మట్టి అంటిన కాళ్ళూ చేతులకు మాత్రం వాడండి. మిగతా ఒంటికి మెత్తగా జల్లించిన పెసరపిండి చాలు. సబ్బు ఎంత మంచిదైనా రోజూ ఒళ్ళంతా రుద్దితే పిల్లల చర్మం పొడిబారుతుంది. ఇది సబ్బు చేసే మనిషినైన నేనే చెప్తున్నాను, నమ్మండి.

ఇప్పుడు సామాను.

మొట్టమొదట కొనాల్సింది ఒక గ్రాము తేడా కూడా చూపించే డిజిటల్ వంటింటి తూకం. అది లేకపోతే మొదలుపెట్టకండి. కప్పులు, చెంచాలు, గ్లాసులు ఇక్కడ పనికిరావు. నూనె కూడా తూచాలి: లీటరు నూనె ప్యాకెట్ మీద చిన్న అక్షరాల్లో బరువు సుమారు 910 గ్రాములని రాసి ఉంటుంది, కిలో అని కాదు. అర లీటరును అర కిలో అనుకుని లెక్క వేస్తే సోడా ఎక్కువైపోతుంది. మా దగ్గర నేర్చుకున్న ఒకావిడ ఊరెళ్ళి తూకం లేక గ్లాసుతో కొలిచి చేసిందట. ఆ సబ్బుతో ఒక్కసారి చేతులు కడుక్కుంటే వేళ్ళ మధ్య మంట. సబ్బు చూడటానికి మాత్రం తెల్లగా, గట్టిగా, ఎంతో అందంగా ఉంది. చూపుతో తెలిసేది కాదు ఇది.

గిన్నెలు స్టీలువి, లేదా గట్టి ప్లాస్టిక్‌వి. డబ్బా అడుగున త్రిభుజంలో 5 అంకె ఉన్న ప్లాస్టిక్ వేడి సోడా నీళ్ళకు తట్టుకుంటుంది. అల్యూమినియం, అంటే మన సిల్వర్ గిన్నెలు, అస్సలు వద్దు. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది, హైడ్రోజన్ వాయువు పుడుతుంది, గిన్నెలో నల్లటి నురగ పొంగుతుంది. గరిటె, జల్లెడ, అచ్చు, ఏదీ అల్యూమినియంది ఉండకూడదు. జ్యూసు వచ్చే అట్ట డబ్బాల్లో లోపల అల్యూమినియం పొర ఉంటుంది, వాటిని అచ్చుగా వాడకండి. గాజు జార్లో సోడా కలపడం కూడా నాకు నచ్చదు. వేడికి ఎప్పుడైనా పగలొచ్చు. సబ్బుకు వాడిన గిన్నెలు మళ్ళీ వంటకు తీయకండి, విడిగా పెట్టేసుకోండి.

హ్యాండ్ బ్లెండర్ ఉంటే పని నిమిషాల్లో అవుతుంది (దాని అడుగు భాగం స్టీలుదో ప్లాస్టిక్‌దో చూసుకోండి). లేకపోతే స్టీలు విస్కుతో గంట దాకా తిప్పాల్సి రావచ్చు. అచ్చుకు సిలికాన్ కేక్ అచ్చు, లేదా బటర్ పేపర్ పరిచిన ప్లాస్టిక్ డబ్బా చాలు. రబ్బరు గ్లౌజులు, కళ్ళద్దాలు, పూర్తి చేతుల పాత చొక్కా, కాళ్ళకు చెప్పులు. కళ్ళద్దాలంటే చదువుకునేవి కాదు, పక్కల నుంచి కూడా మూసుకునేవి. హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి.

కాస్టిక్ సోడా పెచ్చులుగా గానీ, గుండ్రటి పలుకులుగా గానీ వస్తుంది. ఫినాయిలు, సబ్బు పొడి తయారీ సామాన్లు అమ్మే కెమికల్ షాపుల్లో అడగండి. ప్యాకెట్ మీద సోడియం హైడ్రాక్సైడ్ అని, శుద్ధత 98 శాతమో అంతకంటే ఎక్కువో ఉండాలి. సింకు పైపులు శుభ్రం చేసే పొడి కొనకండి, వాటిలో వేరే రసాయనాలు, కొన్నిటిలో అల్యూమినియం తునకలు కలుపుతారు. సోడా గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మా వైపు వానాకాలంలో మూత తీసి అయిదు నిమిషాలు వదిలేస్తే పెచ్చులన్నీ చెమర్చి ఒకదానికొకటి అంటుకుపోతాయి. గబగబా తూచుకుని మూత బిగించేయండి. ఆ డబ్బా పిల్లలకు అందని చోట, తాళం వేసి పెట్టండి. సోడా నీళ్ళను మంచినీళ్ళ సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో ఒక్క నిమిషం కూడా ఉంచకండి. చూడటానికి నీళ్ళలాగే ఉంటాయి. పిల్లలు తాగితే గొంతు, అన్నవాహిక కాలిపోతాయి. నాలుగేళ్ళ పాప ఉన్న ఇల్లు కాబట్టి, ఆ రోజు పాపను అమ్మమ్మ దగ్గరో పక్కింట్లోనో ఉంచి, తలుపు వేసుకుని చేయండి.

నూనెల విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే సబ్బు గుణమంతా ఇక్కడే తేలుతుంది. వేపాకు, పసుపు, గంధం కాదు.

కొబ్బరి నూనె గట్టితనం ఇస్తుంది, గుప్పెడంత తెల్లటి నురగ ఇస్తుంది, ఉప్పు నీళ్ళలో కూడా నురగొస్తుంది. కానీ ఎక్కువైతే ఒంటిమీదున్న సహజమైన జిడ్డునంతా లాగేస్తుంది. పెద్దవాళ్ళకు మొత్తం నూనెలో 30 శాతం దాకా వేస్తాను, పొడి చర్మానికి 20–25 దాటను. పామాయిల్ బిళ్ళ త్వరగా అరిగిపోకుండా నిలబెడుతుంది. నువ్వుల నూనె, తవుడు నూనె, వేరుశనగ నూనె మృదుత్వం కోసం. ఆముదం కొంచెం వేస్తే నురగ చిక్కబడి నిలుస్తుంది, 10 శాతం దాటితే బిళ్ళ జిగటగా తయారవుతుంది. పొద్దుతిరుగుడు నూనె చవకని ఎక్కువ వేయాలనిపిస్తుంది గానీ, మన ఎండలకు ఆ సబ్బు త్వరగా ముక్కిపోతుంది: రెండు మూడు నెలలకే నారింజ రంగు చుక్కలు, పాత నూనె కంపు. 15 శాతంలోపు ఉంచండి. వేప నూనె వాసన ఘాటు, 5 శాతం చాలు. ఏజెన్సీ వైపు ఉన్నవాళ్ళకు ఇప్ప నూనె దొరికితే సబ్బుకు చాలా బాగుంటుంది, ఒంటికి మెత్తగా ఉంటుంది. గానుగ నూనె అయితేనే మంచి సబ్బు వస్తుందన్నది అపోహ. మామూలు నూనె చాలు. ముక్కిపోయిన నూనె, అప్పడాలు వేయించగా మిగిలిన నూనె మాత్రం ఒంటి సబ్బుకు వాడకండి.

ఒక్కో నూనెకు ఒక్కో మోతాదులో సోడా కావాలి. గ్రాము నూనెకు ఎన్ని గ్రాముల సోడా అన్న లెక్క సుమారుగా ఇది: కొబ్బరి 0.183, పామాయిల్ 0.141, వేరుశనగ 0.137, పొద్దుతిరుగుడు 0.135, నువ్వులు 0.134, తవుడు 0.133, ఆముదం 0.128, ఆవ 0.123. దీన్నిబట్టి ఒకటి గమనించండి. అర కిలో కొబ్బరి నూనెకు 91 గ్రాములకు పైగా సోడా పడుతుంది. అర కిలో నువ్వుల నూనెకు 67 గ్రాములే. కొబ్బరి నూనె ధర మండిపోతోందని ఎవరైనా సోడా తూకం మార్చకుండా నూనె మార్చేస్తే 24 గ్రాముల సోడా సబ్బులో అలాగే మిగిలిపోతుంది. నూనె మారిస్తే లెక్క మళ్ళీ వేయాలి, ప్రతిసారీ. ఇంటర్నెట్‌లో సోప్ కాల్క్యులేటర్లు ఉచితంగానే ఉన్నాయి, చేత్తో వేసిన లెక్కను అక్కడ ఒకసారి సరిచూసుకోండి.

మీ మొదటి వాయికి, పొడి చర్మాన్ని దృష్టిలో పెట్టుకుని, ఈ కొలత ఇస్తున్నాను:

కొబ్బరి నూనె 125 గ్రాములు
పామాయిల్ 175 గ్రాములు
నువ్వుల నూనె 150 గ్రాములు
ఆముదం 50 గ్రాములు
కాస్టిక్ సోడా 70 గ్రాములు
నీళ్ళు 140 గ్రాములు

సోడా 70 ఎలా వచ్చిందంటే: 125 × 0.183 = 22.9, 175 × 0.141 = 24.7, 150 × 0.134 = 20.1, 50 × 0.128 = 6.4. మొత్తం 74.1. అందులో 5 శాతం తగ్గిస్తే 70.4. ఆ 5 శాతమే మన రక్షణ, దాన్నే సూపర్‌ఫ్యాట్ అంటారు. సోడా 70కి కుదించాను కాబట్టి ఇంకాస్త నూనె మిగులుతుంది. నీళ్ళు సోడాకు రెట్టింపు. బోరు నీళ్ళు వద్దు, బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ గానీ ఆర్‌ఓ నీళ్ళు గానీ వాడండి.

పద్ధతి చెప్తాను. ముందు నూనెలు నాలుగూ స్టీలు గిన్నెలోకి తూచి, కొబ్బరి నూనె పేరుకుని ఉంటే కొద్దిగా వేడిచేసి కరిగించి పక్కన పెట్టుకోండి. అచ్చు సిద్ధం చేసుకోండి. గ్లౌజులు, కళ్ళద్దాలు వేసుకోండి. పెరట్లోనో, బాల్కనీలోనో, గాలాడే చోట ప్లాస్టిక్ జగ్గులో 140 గ్రాముల చల్లటి నీళ్ళు పెట్టి, తూచిన సోడాను కొంచెం కొంచెంగా అందులో పోస్తూ తిప్పండి. సోడాను నీళ్ళలో పోయాలి. నీళ్ళను సోడా మీద పోయకూడదు. తిరగేసి చేస్తే ఒక్కసారిగా సలసల మరిగి పైకి చిమ్ముతుంది. పొయ్యి లేకుండానే ఆ నీళ్ళు 80–90 డిగ్రీల దాకా వేడెక్కుతాయి, ఘాటైన ఆవిరి వస్తుంది. ముఖం వంచకండి, ఆవిరి పీల్చకండి. పాలలా మసకబారిన నీళ్ళు కాసేపటికి తేటపడతాయి. అప్పుడు కదల్చకుండా చల్లారనివ్వండి.

నూనె, సోడా నీళ్ళు రెండూ 40 డిగ్రీల దరిదాపుల్లోకి రావాలి. థర్మామీటరు లేకపోతే జగ్గు బయటి నుంచి చెయ్యి ఆనించి చూడండి, గోరువెచ్చగా ఉంటే సరి. మే నెలలో మా దగ్గర ఇది గంటన్నర పట్టొచ్చు. తొందరగా కావాలంటే జగ్గును చల్లటి నీళ్ళ తొట్టిలో నిలబెట్టండి.

తర్వాత సోడా నీళ్ళను నూనెలోకి సన్నటి ధారగా పోయండి. బ్లెండర్‌ను పూర్తిగా నూనెలో ముంచి, గాలి బుడగలు పోయాకే స్విచ్ వేయండి. కొద్ది సెకన్లు తిప్పడం, ఆపి చేత్తో కలపడం, మళ్ళీ తిప్పడం. అలా చేస్తుంటే బంగారు రంగు నూనె ముందు మసకేస్తుంది, తర్వాత మీగడ రంగులోకి వస్తుంది, నూనె తెట్టు మాయమైపోతుంది. బ్లెండర్ పైకెత్తి కారనిస్తే పడిన ధార వెంటనే కలిసిపోకుండా పైన గీతలా నిలబడుతుంది. దీన్నే ట్రేస్ అంటారు. దోసెల పిండి జారు ఎలా ఉంటుందో అంత చిక్కదనం చాలు, అక్కడ ఆపేయండి. ఇంకా తిప్పితే గట్టిపడి అచ్చులో సరిగ్గా పరుచుకోదు.

ఏం కలపాలన్నా ఇప్పుడే. పాప కోసం కాబట్టి మొదటి వాయిలో ఏమీ కలపకండి, సువాసన నూనెలు కూడా వద్దు. దాని రంగూ వాసనా ఎలా ఉంటుందో మీకు తెలియాలి.

అచ్చులో పోసి రెండుసార్లు బల్లకేసి తట్టండి, గాలి బుడగలు పైకొస్తాయి. మూత పెట్టి పాత తువ్వాలు కప్పండి. లోపల వేడి పుడుతుంది. కొన్ని గంటల తర్వాత తొంగి చూస్తే మధ్యలో ముదురు రంగులో, జెల్లీలా పారదర్శకంగా కనిపించొచ్చు. కంగారు పడకండి, చల్లారాక అంతా ఒకే రంగుకొస్తుంది. పగుళ్ళిస్తూ పైకి ఉబుకుతుంటే మాత్రం వేడి ఎక్కువైనట్టు. తువ్వాలు తీసేసి ఫ్యాను కింద పెట్టండి.

ఒకటి రెండు రోజులకు గట్టిపడుతుంది. గ్లౌజులు వేసుకునే తీసి కోయండి, అప్పటికి అది ఇంకా పచ్చి సబ్బే. కత్తికి అంటుకుంటుంటే ఇంకో రోజు ఆగండి. వంద గ్రాముల చొప్పున ఏడు బిళ్ళలొస్తాయి. పైన తెల్లటి పొడిలా కనిపిస్తే అది గాలి తగిలి ఏర్పడిన సోడా బూడిద, చాకుతో గీకేస్తే పోతుంది.

ఇక ఓపిక పట్టాల్సిన భాగం. నాలుగు నుంచి ఆరు వారాలు ఆరబెట్టాలి. నూనె, సోడా కలయిక దాదాపుగా మొదటి రెండు మూడు రోజుల్లోనే పూర్తవుతుంది. మిగతా కాలమంతా నీరు ఎగిరిపోవడానికి, బిళ్ళ గట్టిపడి మృదువుగా మారడానికి. వెదురు బుట్టలోనో, బటర్ పేపర్ పరిచిన చెక్క బల్ల మీదో, బిళ్ళకూ బిళ్ళకూ మధ్య వేలు పట్టేంత సందు వదిలి, ఎండ తగలని, గాలాడే చోట పెట్టండి. వారానికోసారి తిరగేయండి. ఇనుప పళ్ళేల్లో పెట్టకండి, లోహం తగిలిన చోట నూనె త్వరగా ముక్కుతుంది. ఒక బిళ్ళకు గుర్తుపెట్టి వారం వారం తూచి రాసుకోండి. బరువు తగ్గడం దాదాపు ఆగిపోయినప్పుడు వాడకానికి వచ్చినట్టు. వానాకాలంలో బిళ్ళల మీద తేమ బిందువులు నిలుస్తాయి. గ్లిజరిన్ గాలిలోని తేమను లాక్కోవడం వల్ల అలా అవుతుంది, సబ్బు పాడైనట్టు కాదు. గుడ్డతో అద్ది ఫ్యాను గాలికి పెట్టండి.

వాడే ముందు పరీక్ష తప్పనిసరి. తడి వేలితో బిళ్ళను రుద్ది, ఆ వేలిని నాలుక చివర ఒక్క క్షణం ఆనించండి. ఉత్తి సబ్బు రుచే ఉంటే సరే. చురుక్కుమని కొట్టినట్టుంటే సోడా మిగిలి ఉంది, వెంటనే నోరు పుక్కిలించండి, ఆ సబ్బు ఒంటికి వాడకండి. పీహెచ్ పేపరు కూడా చూడొచ్చు. 9–10 చూపిస్తే మామూలే, 11 దాటితే అనుమానించాలి. మీరు మీ చేతి మీద వారం వాడి, ఏ ఇబ్బందీ లేదనుకున్నాకే పాపకు వాడండి.

చేసేటప్పుడు సోడా ఒంటిమీద పడితే ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి. వెనిగరో నిమ్మరసమో పోయమని చాలామంది చెప్తారు. వద్దు. ఆమ్లం, క్షారం కలిస్తే ఇంకా వేడి పుడుతుంది. తడిసిన బట్ట తీసేసి ధారగా నీళ్ళు పోస్తూ 15–20 నిమిషాలు కడగాలి. కంట్లో పడితే రెప్పలు తెరిచి అలాగే కడుగుతూ ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. అందుకే నేను నేర్పేటప్పుడు కుళాయి పక్కనే బల్ల వేయిస్తాను.

ఈ మొదటి వాయి కుదిరాక రకరకాలు చేయొచ్చు. మీరు అడిగిన వేపాకు గురించి: పచ్చి ఆకు ముద్ద వేస్తే ఆకుపచ్చగా ఉంటుందనుకుంటారు, వారం తిరక్కుండానే గోధుమ రంగుకు, తర్వాత నల్లటి చుక్కలకు మారుతుంది. ఎండు వేపాకు పొడి మెత్తగా జల్లించి ఒక చెంచా, లేదా నువ్వుల నూనెలో 25 గ్రాములు తగ్గించి ఆ మేరకు వేప నూనె (సోడా లెక్క మళ్ళీ చూసుకోండి). పసుపు సోడా తగలగానే ఎర్రటి కుంకుమ రంగులోకి తిరుగుతుంది, ఆరాక లేత నారింజ రంగులో నిలుస్తుంది. అర కిలో నూనెకు అర చెంచా చాలు, ఎక్కువైతే తువ్వాళ్ళకు మరకలు. ముల్తానీ మట్టి పొడి చర్మానికి వద్దు. పాలతో చేయాలంటే పాలను ఐస్ గడ్డలుగా చేసి వాటి మీద సోడాను నెమ్మదిగా చల్లుతూ కలపాలి, లేకపోతే పాలు మాడి ముదురు రంగుకు తిరుగుతాయి. చెయ్యి తిరిగాక ప్రయత్నించండి. పెద్దవాళ్ళ సబ్బుకు నిమ్మగడ్డి నూనె వాసన బాగా నిలుస్తుంది, మొత్తం నూనెలో 2–3 శాతం దాటకూడదు. లవంగ నూనె వేస్తే ముద్ద చూస్తుండగానే గట్టిపడిపోతుంది, మొదట్లో దాని జోలికి పోకండి. సున్నిపిండిలో వేసే బావంచాలు సబ్బులో వేయమని కొందరు అడుగుతారు, నేను వేయను. అవి పడిన చర్మానికి ఎండ తగిలితే కమిలిపోవచ్చు.

మీ ఇంట్లో బోరు నీళ్ళయితే ఇంకో సంగతి. ఉప్పు నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియంతో సబ్బు కలిసి తెల్లటి తెట్టుగా మారుతుంది. బకెట్ అంచుకు, ఒంటికి అదే అంటుకుంటుంది. పొడిబారినట్టు అనిపించడానికి చాలాసార్లు సబ్బు కంటే ఇదే కారణం. దీనికి నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆసిడ్, మంచి ఉపాయం. పై కొలతకు 10 గ్రాములు ముందుగా నీళ్ళలో కరిగించి, తర్వాత సోడా వేయాలి. అయితే ఆ నిమ్మ ఉప్పు కొంత సోడాను తినేస్తుంది కాబట్టి 6 గ్రాములు అదనంగా కలిపి 76 గ్రాముల సోడా తీసుకోవాలి. తెట్టు తగ్గడం మొదటి స్నానంలోనే తెలుస్తుంది. అన్నీ చేశాక ఆఖరి చెంబు మంచినీళ్ళతో పాపకు ఒళ్ళు కడగగలిగితే ఇంకా మంచిది.

బట్టలు ఉతకడానికి, గిన్నెలకు ఉత్తి కొబ్బరి నూనెతో, నూనె దాదాపు మిగలకుండా ఒక శాతం తగ్గింపుతో చేసుకోవచ్చు. మురికి బాగా వదులుతుంది. అది ఒంటికి వాడకూడదు, విడిగా గుర్తు పెట్టుకోండి.

చివరిగా, ఇలా అడిగిన వాళ్ళలో చాలామంది ఆరు నెలలకు "అమ్ముకోవచ్చా" అని మళ్ళీ అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెప్పేస్తాను. ఇంట్లో వాడుకోవడానికి, చుట్టాలకు ఇవ్వడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అమ్మాలంటే మన దేశంలో ఒంటి సబ్బు కాస్మెటిక్స్ కిందికి వస్తుంది, రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ నుంచి తయారీ లైసెన్స్ తీసుకోవాలి. ఆ నిబంధనలు 2020లో కొత్తగా వచ్చాయి. మందుల తయారీ లైసెన్స్ లేకుండా "చర్మ రోగాలు తగ్గిస్తుంది" అని లేబుల్ వేసి అమ్మడం ఇంకా పెద్ద తప్పు.

మొదటి వాయి చేసేటప్పుడు వాడిన నూనెల పేర్లు, గ్రాములు, సోడా ప్యాకెట్ మీది శుద్ధత శాతం, ఆ రోజు తేదీ ఒక నోటుబుక్కులో రాసుకోండి. ట్రేస్ రాకపోయినా, బిళ్ళ మెత్తగా ఉండిపోయినా ఆ అంకెలు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.